గడువు మనకొక్కరికేనా?

మన ఇండ్లల్లో గడువులకు కొదవ లేదు. ఒకటో తేదీకి బాడుగ, ఐదుకు చీటీ, పదికి అంగడి బాకీ. కరెంటు బిల్లు కట్టకపోతే ఫ్యూజు పీకేస్తారు. రేషన్ కార్డుకు వేలిముద్ర వాళ్లు చెప్పిన తేదీలోపల వెయ్యాల. దాటితే ఆగేది మన బియ్యమే. మిల్లులో గేటు మూసినాక పోతే ఆ పూట కూలి లేదు. గడువంటే ఏమిటో మనకు ఎవరూ నేర్పించాల్సిన పని లేదు.

అదే గడువు సర్కారుకు పెడితే ఏమవుతుంది? ఈ నెల ఆ సంగతి మాట్లాడుకుందాం.

పార్లమెంటు 2016లో వికలాంగుల హక్కుల చట్టం చేసింది. 2017 ఏప్రిల్ 19 నుంచి అది అమల్లో ఉంది. 1995 నాటి పాత చట్టంలో 7 రకాల వైకల్యాలే ఉండేవి, దీంట్లో 21. ఈ చట్టంలో 45వ సెక్షన్ ఒకటుంది. జనం వచ్చిపోయే పాత కట్టడాలన్నిట్నీ వికలాంగులు ఇంకొకరి సాయం లేకుండా వాడుకునేటట్టు మార్చాల, నియమాలు వచ్చిన రోజు నుంచి 5 ఏండ్లలోపల ముగించాల అని దాంట్లో రాసినారు. నియమాలు వచ్చింది 2017 జూన్ 15న. అంటే గడువు 2022 జూన్‌తో తీరిపోయింది.

జనం వచ్చిపోయే కట్టడం అంటే సర్కారు ఆఫీసు ఒక్కటే కాదు. బడి, ఆస్పత్రి, పోలీసు స్టేషను, కోర్టు, రైలు స్టేషను, బస్టాండు అన్నీ వస్తాయి. ప్రైవేటు బ్యాంకు, అంగడి, గుడి, సినిమా హాలు కూడా వస్తాయి. పని చేసే చోటు కూడా వస్తుంది. మిల్లు గేటు లోపల కూడా ఈ చట్టం ఉందని గుర్తు పెట్టుకోండి.

"మాస్తి ఎక్కడ, ఢిల్లీ ఎక్కడ, ఈ చట్టం మన దాకా వస్తుందా?" అని కొందరు అడుగుతారు. వస్తుంది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు, ఆస్పత్రులు, బళ్లు, రైలు స్టేషన్లు, బస్టాపులు, వీటన్నిటికీ ఏది ముందు ఏది వెనక అని వరస పెట్టి ప్రణాళిక రాసి అచ్చువెయ్యాలని అదే 45వ సెక్షన్ చెప్తుంది. పల్లెటూరి బస్టాపు పేరు చట్టంలోనే ఉందప్పా.

మరి గడువు ఎందుకు తప్పింది? ఒకసారి కాదు, చాలా సార్లు తప్పింది. 2015 డిసెంబరు 3న కేంద్రం సుగమ్య భారత్ అని ఒక కార్యక్రమం పెట్టి కట్టడాలకు తేదీలు చెప్పింది. ఆ తేదీలు 2020 మార్చికి, ఆ తర్వాత 2022 జూన్‌కు జరిగినాయి. చూపు లేని రాజీవ్ రతూరి అనే ఆయన 2005లోనే సుప్రీంకోర్టుకు పోయినాడు. 2017 డిసెంబరు 15న కోర్టు తీర్పిస్తూ తనే తేదీలు పెట్టింది. రాష్ట్ర రాజధానుల్లో సగం సర్కారు కట్టడాలకు 2018 డిసెంబరు, ప్రతి రాష్ట్రంలో ముఖ్యమైన పది ఊర్లకు 2019 డిసెంబరు. అవీ దాటిపోయినాయి.

కారణం ఏందో చూడమని కోర్టు హైదరాబాదులోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం వాళ్లకు అప్పజెప్పింది. వాళ్ల నివేదిక చూసినాక 2024 నవంబరు 8న కోర్టు అసలు రోగం బయటపెట్టింది. చట్టం "చెయ్యాల్సిందే" అంటుంది. కానీ దాని కింద రాసిన 15వ నియమం చూపించే మార్గదర్శకాలు "చేస్తే మంచిది" అన్నట్టు ఉన్నాయి. అందుకే ఆ నియమం చట్టానికే విరుద్ధమని కొట్టేసింది. కచ్చితంగా పాటించాల్సిన కనీస కొలతలు వేరు చేసి, 3 నెలల్లో కొత్త నియమాలు రాయమని కేంద్రానికి చెప్పింది.

ఇది మనకు తెలియని సంగతేమీ కాదు. కనీస వేతనం ఇంత అని అంకె రాయకుండా "కూలోళ్లకు బాగా ఇయ్యండి" అని మాత్రం రాసుంటే ఏ యజమాని ఇచ్చేవాడు? అంకె ఉంటేనే తక్కువ ఇచ్చినాడని అడగగలము. ర్యాంపు సంగతీ అంతే. కొలత లేని చోట రెండు గంపల సిమెంటు పోసి "ర్యాంపు ఉంది" అని కాగితంలో టిక్కు పెడతారు. కొలత లేకపోతే తేదీకి అర్థం లేదు. తప్పినవాడికి శిక్ష లేకపోతే రెండిటికీ అర్థం లేదు.

మన వీధుల్లో మేస్త్రీలు చాలామంది ఉన్నారు, వాళ్లకు ఈ లెక్క సులువుగా అర్థమవుతుంది. ర్యాంపు వాలు ఒకటికి పన్నెండు కంటే నిటారుగా ఉండకూడదు. అడుగు ఎత్తు ఎక్కాలంటే 12 అడుగుల పొడవు కావాల. ఆరంగుళాల మెట్లు ఐదుంటే ఎత్తు రెండున్నర అడుగులు, ర్యాంపు 30 అడుగులు. నేరుగా స్థలం లేకపోతే మధ్యలో చదునుగా అరుగు కట్టి మలుపు తిప్పచ్చు. వెడల్పు నాలుగడుగులు, రెండు పక్కలా పట్టుకునే కడ్డీ, వాకిలి దాదాపు మూడడుగులు. ఐదు మెట్ల పక్కన ఆరేడు అడుగుల జారుడుబండ కట్టి ర్యాంపు అంటే నమ్మకండి. చక్రాల కుర్చీ దాని మీద ఎక్కదు, దిగేటప్పుడు మనిషి ముందుకు బోర్లా పడతాడు.

ఇది ఎవరో కొందరి కష్టం అనుకోవద్దు. మా వీధిలో కాలు పోయిన ఒక అన్న ఉండాడు. ఆయన పింఛను పడే బ్యాంకుకు ఐదు మెట్లు. కొడుకు ఎత్తుకొని ఎక్కించాల. ఆ రోజు కొడుక్కు సగం కూలి పోతుంది. ఏడాదికి పన్నెండు సార్లు లెక్క వేసుకోండి, ఆ మెట్లు మింగిన కూలి ఎంతో తెలుస్తుంది. మగ్గాల మోతలో ఇరవై ముప్పై ఏండ్లు నిలబడినోళ్లకు చెవులు మందగిస్తాయి. ఆఫీసులో పేరు పిలిస్తే వినపడదు, వరస తప్పిపోతుంది. నంబరు కనపడే బోర్డు ఒకటి పెడితే చాలు. కె.జి.ఎఫ్. గనులు 2001 ఫిబ్రవరి 28న మూసినారు. ఆ గనుల్లో దిగినోళ్లు ఇప్పుడు ముసలోళ్లు, నాలుగు మెట్లకే ఆయాసం వస్తుంది. బాలింతలు, బిడ్డల బండి తోసేవాళ్లు, మోకాళ్ల నొప్పుల అవ్వలు, అందరికీ ఆ ర్యాంపే కావాల.

ఓటు రోజు చూడండి. బడి ముందర ర్యాంపు వస్తుంది, చక్రాల కుర్చీ వస్తుంది, పట్టుకొని పోయేదానికి పిల్లలు వస్తారు. మనసుంటే ఒక రాత్రిలో అయ్యే పనే. మర్నాడు పలకలు ఎత్తేస్తే మళ్లీ మెట్లే మిగులుతాయి.

బయటి దేశాల్లో కూడా అడగకుండా ఏమీ రాలేదు. అమెరికాలో 1990 మార్చి 12న అరవై మంది దాకా వికలాంగులు తమ కుర్చీలు, కర్రలు కింద పెట్టి పార్లమెంటు మెట్లు పాకుతూ ఎక్కినారు. అదే ఏడాది జూలైలో చట్టం వచ్చింది. 2010లో వాళ్లు కొలతలు మార్చినప్పుడు, 2012 మార్చి 15 నుంచి కట్టే ప్రతి కట్టడం కొత్త కొలతల ప్రకారమే ఉండాలని తేదీ పెట్టినారు. పాత కొలతల ప్రకారం సరిగ్గా కట్టినదాన్ని మళ్లీ మార్పులు చేసేదాకా అట్లే ఉండనిచ్చినారు. కొలత, తేదీ, ఎవరికి మినహాయింపు, మూడూ తేటగా ఉన్నాయి.

"డబ్బు లేదు, కట్టడం పాతది" అని మన ఆఫీసుల్లో చెప్తారు. నిజమే, కొన్ని చోట్ల కష్టమే. అందుకే చట్టం ఒక్కో రాష్ట్రం పరిస్థితి చూసి గడువు పెంచే వీలు కేంద్రానికి ఇచ్చింది. పెంచితే కాగితం ఉండాల కదా, ఆ కాగితం చూపించమని అడుగుదాం. ర్యాంపు కట్టేదాకా కిందనే ఒక బల్ల వేసి గుమాస్తాను కూర్చోబెట్టచ్చు. దానికి డబ్బు అక్కర లేదు.

మనం చెయ్యగలిగినవి మూడు. ఒకటి, టేపు పట్టుకొని కొలవండి. మాస్తి అయినా, మాలూరు అయినా, మీరు పోయే పంచాయతీ, నాడకచేరి, బడి, బ్యాంకు, దేనికి ఎన్ని మెట్లు, ర్యాంపు ఎంత పొడవు, రాసుకోండి. రెండు, ఆ కాగితం గ్రామసభలో చదివి, పి.డి.ఓ.కు అర్జీ ఇచ్చి ముద్ర వేయించుకోండి. పంచాయతీలో పనిచేసే వి.ఆర్.డబ్ల్యూ.ను తోడు పిలవండి. జవాబు రాకపోతే బెంగుళూరులో వికలాంగుల రాష్ట్ర కమిషనరు ఉన్నారు, ఆయనకు పంపండి. ఈ చట్టం మీరితే మొదటిసారి 10,000 రూపాయల దాకా, మళ్లీ మీరితే 50,000 నుంచి 5 లక్షల దాకా జుల్మానా ఉంది.

మూడు, సమాచార హక్కు కింద అడగండి: "45వ సెక్షన్ ప్రకారం ఈ కట్టడానికి ప్రణాళిక ఏది, ముగించే తేదీ ఏది?" మన రాష్ట్రంలో ఆ అర్జీ ఒకే విషయం మీద, 150 మాటలు దాటకుండా ఉండాల. ఫీజు 10 రూపాయలు. 30 రోజుల్లో జవాబు రావాల. కారణం లేకుండా ఆలస్యం చేస్తే రోజుకు 250 లెక్కన, 25,000 దాకా ఆ అధికారి జేబులోంచి కట్టించే వీలుంది. సర్కారుకు కూడా గడువు గుర్తుండే చోటు ఇదొక్కటి.

వచ్చే గ్రామసభకు ముందు మీ కొలతలు పత్రికకు కూడా పంపండి. ఏ కట్టడానికి ఎన్ని మెట్లో వరసగా అచ్చువేద్దాం.