చూసే బొమ్మ, ఆడే బొమ్మ

పిల్లలూ, ఈ నెల వచ్చిన ఉత్తరాలలో ఒకటి నన్ను చాలాసేపు ఆలోచనలో పడేసింది. ఆరవ తరగతి చదివే ఒక అమ్మాయి రాసింది. ఆమే, వాళ్ళ అన్నయ్యా మూడేళ్ళుగా ప్రతి సాయంత్రమూ పక్కపక్కన కూచుని జపానువాళ్ళ కదిలే బొమ్మల కథలు, అంటే ఆనిమేలు, చూసేవాళ్ళట. ఏ పాత్ర గెలుస్తుందో ముందుగా చెప్పి పందేలు వేసుకునేవాళ్ళట. ఈ మధ్య అన్నయ్యకు వాళ్ళ బాబాయి వీడియో గేము యంత్రం ఒకటి తెచ్చి ఇచ్చాడు. అది మొదలు అతను ఆ కథల్లోని పాత్రలతోనే ఆట ఆడుకుంటున్నాడు. చెల్లెలి పక్కన కూచోవటం మానేశాడు.

"అన్నయ్య స్నేహితులు కూడా అంతే. ఆనిమే ఇష్టమైనవాళ్ళకు ఆటలు కూడా ఎందుకు ఇష్టమవుతాయి? నాకు చూడటమే ఇష్టం, ఆడటం ఇష్టం లేదు. నాలో ఏమన్నా లోపం ఉన్నదా?" అని ఆ అమ్మాయి అడిగింది.

ముందు చివరి ప్రశ్నకు జవాబు చెప్పేస్తాను. ఏ లోపమూ లేదు. ఆ మాటకు వస్తే ఈ ఆటలు నాకూ చేతకావు. మీటలు పట్టుకుంటే చాలు, నా బొమ్మ మొదటి గోతిలోనే పడిపోతుంది! కాని మొదటి ప్రశ్న మంచిది. దానికి జవాబు వెతుకుతూ మనం జపాను దాకా వెళ్ళాలి.

రాత్రి తాతగారి దగ్గర రామాయణం విన్న పిల్లలు, తెల్లవారేసరికి కొబ్బరి ఈనెలతో బాణాలు చేసుకోవటం మీరు చూసే ఉంటారు. మనసుకు పట్టిన కథ చెవులతో ఊరుకోదు, చేతుల్లోకి వస్తుంది. ఆనిమే చూసిన కుర్రవాడు ఆట అడగటంలో కొంతవరకు ఉన్నది ఇదే. అయితే ఇది సగం జవాబే. అంతే అయితే ఏ కథ ఇష్టమైనవాళ్ళకైనా వీడియో గేములు ఇష్టం కావాలి గదా! జపాను బొమ్మల విషయంలో ఇంకొక కారణం ఉన్నది. అక్కడ కథల బొమ్మలూ, ఆటల బొమ్మలూ ఒకే చోట పెరిగాయి. చాలాసార్లు వాటిని గీసినవి ఒకే చేతులు.

1963 జనవరి 1వ తేదీన జపాను టెలివిజనులో ఒసాము తెజుకా అనే చిత్రకారుడి కథ మొదలయింది. అందులో నాయకుడు ఒక మరమనిషి పిల్లవాడు. పరదేశాలవాళ్ళు ఆ కథను "ఆస్ట్రో బాయ్" అన్నారు. వారం వారం అరగంట కథ చూపించాలి. సినిమాలో సెకనుకు 24 ఫ్రేములు కదులుతాయి. ప్రతి ఫ్రేముకూ కొత్త బొమ్మ గీయాలంటే డబ్బూ చాలదు, మనుషులూ చాలరు. అందుచేత తెజుకా బృందం ఒకే బొమ్మను మూడు ఫ్రేముల దాకా నిలిపింది. అంటే సెకనుకు ఎనిమిది బొమ్మలే. మనిషి మాట్లాడేటప్పుడు నోరు మాత్రం కదిపారు. ఒకసారి గీసిన పరుగును దాచి ఉంచి, మళ్ళీ మళ్ళీ వాడుకున్నారు. ఇది పొదుపు కోసం చేసిన పని. కాని ఈ పొదుపుకు ఒక షరతు ఉన్నది. కదలిక తక్కువయినప్పుడు బొమ్మను చూడగానే గుర్తుపట్టాలి. జుట్టు, కళ్ళు, బట్టలు అన్నీ "నేను ఫలానా" అని అరిచి చెప్పాలి.

ఆటలు చేసేవాళ్ళకు సరిగ్గా ఇదే చిక్కు వచ్చింది. కియోతో నగరంలో నింటెండో అనే కంపెనీ ఉన్నది. అది 1889లో పుట్టింది. మొదట వాళ్ళు చేసినవి పువ్వుల బొమ్మల పేకముక్కలు! ఆ కంపెనీలో షిగెరు మియామోతో అనే యువకుడు చేరాడు. చిన్నతనంలో అతనికి బొమ్మల కథలు గీసేవాడు కావాలని కోరిక. 1981లో అతను "డాంకీ కాంగ్" అనే ఆట తయారు చేశాడు. అందులో ఒక వడ్రంగి ఉన్నాడు. ఇప్పుడు లోకమంతా మేరియో అని పిలిచేది అతన్నే. తెర మీద అతని ఎత్తు 16 చుక్కలు మాత్రమే. అన్ని చుక్కలలో నోరెలా గీయటం? గీయలేదు. ఆ చోట పెద్ద మీసం పెట్టారు. జుట్టు ఎగరటం చూపించలేరు గనక నెత్తిన టోపీ పెట్టారు. చెయ్యి ఊపితే కనబడాలి గనక చేతుల రంగు ఒకటి, ఒంటి మీది బట్ట రంగు మరొకటి చేశారు. అందం కోసమని మనం అనుకునేదంతా చుక్కలు చాలక చేసిన ఏర్పాటే!

చూశారా? టెలివిజనులో బొమ్మలు చాలవు, ఆటలో చుక్కలు చాలవు. రెండు చోట్లా తక్కువ గీతలతో ఎక్కువ చెప్పటం నేర్చుకున్నారు. ఒక చోట ఆ భాష అలవాటయిన కంటికి రెండో చోట కొత్తగా నేర్చుకోవలసింది ఏమీ ఉండదు.

ఇక ఒకే చేతుల సంగతి. జపానులో కుర్రవాళ్ళు చదివే "షోనెన్ జంప్" అనే వారపత్రిక ఉన్నది. అందులో 1984 నుంచి అకిరా తోరియామా "డ్రాగన్ బాల్" అనే బొమ్మల కథ గీస్తూ వచ్చాడు. అదే పత్రికలో యూజీ హోరీ అనే ఆయన వీడియో గేముల గురించి రాసేవాడు. హోరీ ఒక పెద్ద ఆట తయారు చెయ్యబోతూ బొమ్మల కోసం చూస్తుంటే, పత్రిక సంపాదకులలో ఒకరు తోరియామాను కలిపాడు. 1986 ఫిబ్రవరి 26న "డ్రాగన్ బాల్" ఆనిమేగా టెలివిజనులో మొదలయింది. మూడు నెలలు తిరగగానే, మే 27న, హోరీ ఆట "డ్రాగన్ క్వెస్ట్" బజారులోకి వచ్చింది. టెలివిజనులో చూసిన గీతే ఆటపెట్టె మీదా కనిపించింది!

ఆ ఆటలో అందరికన్నా నీరసమైన రాక్షసి ఒకటి ఉన్నది. దాన్ని హోరీ కాగితం మీద బురద ముద్దలాగా గీసి పంపాడు. తోరియామా ఆ ముద్దను నీలం రంగు నీటిబొట్టుగా మార్చి, దానికి గుండ్రటి కళ్ళూ, నవ్వు మొహమూ పెట్టాడు. దాన్ని చంపబోయే పిల్లవాడికి కూడా అయ్యో పాపం అనిపించేలా ఉంటుంది. తోరియామా 2024 మార్చి 1న చనిపోయాడు. ఆ నీటిబొట్టు మాత్రం ఇంకా నవ్వుతూనే ఉన్నది.

బొమ్మ ఒక్కటే కాదు, కథ నడక కూడా ఒకటే. "డ్రాగన్ బాల్"లో గోకు అనే కుర్రవాడు గురువు పెట్టిన బరువైన తాబేటి చిప్పను వీపున మోస్తూ పాలు పంచుతాడు, పొలం దున్నుతాడు. రోజులు గడిచాక చిప్ప తీసేస్తే ఆకాశానికి ఎగురుతాడు. "డ్రాగన్ క్వెస్ట్"లో మీరు ఆ నీటిబొట్టుతో పోరాడితే వచ్చే అనుభవం ఒకే ఒక్క మార్కు. అలా ఒక్కొక్కటే కూడబెట్టి పై మెట్టుకు ఎక్కాలి. అన్నీ వచ్చిన వీరుడి కథ కాదిది, ఏమీ రానివాడు కొద్దికొద్దిగా నేర్చుకునే కథ. ఆనిమేలో అతను నేర్చుకుంటుంటే చూస్తాం, ఆటలో మనమే నేర్చుకుంటాం. అన్నయ్యను పట్టుకున్నది ఇదే అయి ఉంటుంది.

అయితే తల్లిదండ్రులకు ఇది అన్ని వేళలా సంతోషకరంగా లేదు. ఆ ఆట మూడవ భాగం 1988 ఫిబ్రవరి 10న విడుదలయింది. ఆ రోజు బుధవారం. దుకాణాల ముందు వరసలు కట్టినవారిలో బడి ఎగ్గొట్టిన పిల్లలున్నారనీ, పోలీసులు వాళ్ళను పట్టుకున్నారనీ పత్రికలు రాశాయి. ఆ మాట నిజమేనని ఒప్పుకోవాలి: ఏడు రోజులకొకసారి వచ్చే కథ తనంతట తానే ఆగుతుంది. ఆటను మనం ఆపాలి.

ఇప్పటిదాకా కథ నుంచి ఆటలోకి నడిచాం. ఎదురు నడిచినది కూడా ఒకటున్నది. దాని పేరు మీకందరికీ తెలుసు: పోకేమాన్. టోకియో శివారులో మచిదా అనే చోట సతోషి తాజిరి అనే కుర్రవాడు చెరువుల గట్లన, చెట్ల కింద పురుగులు పట్టుకుంటూ పెరిగాడు. అతను పెద్దవాడయ్యేసరికి చెరువులు పూడ్చి ఇళ్ళు కట్టేశారు. ఇకముందు పిల్లలు పురుగులు ఎక్కడ పట్టుకుంటారు? 1989లో జేబులో పట్టే ఆటయంత్రం, గేమ్ బాయ్, వచ్చింది. రెండు యంత్రాలను కలపటానికి ఒక తీగ ఉండేది. ఆ తీగ వెంట ఒక పురుగు ఇటునుంచి అటు పాకుతున్నట్టు తాజిరికి తోచింది. ఆ ఊహ ఆట కావటానికి ఏళ్ళు పట్టింది. 1996 ఫిబ్రవరి 27న ఆట వచ్చింది. 1997 ఏప్రిల్ 1న అదే ఆనిమేగా మొదలయింది. మనం ఆష్ అని పిలిచే కుర్రవాడి పేరు జపానులో ఏమిటో తెలుసునా? సతోషి! అతనితో పోటీపడే వాడి పేరు షిగెరు. తాజిరి పేరు ఒకరికి, తాను ఎంతో గౌరవించే మియామోతో పేరు మరొకరికి!

అదే సంవత్సరం డిసెంబరు 16న ఆ ఆనిమేలో ఒక దుర్ఘటన జరిగింది. ఇది పెద్దలు కూడా చదవాలి. ఒక యుద్ధం దృశ్యంలో ఎరుపూ నీలమూ రంగులు సెకనుకు సుమారు 12 సార్ల చొప్పున కొద్ది సెకన్లపాటు తెరంతా మినుకుమన్నాయి. జపాను అంతటా దాదాపు 700 మందిని, ఎక్కువమంది పిల్లలే, ఆసుపత్రులకు తీసుకుపోయారు. కొందరికి ఫిట్లు వచ్చాయి. కొద్దిమంది మెదడు ఇలాంటి మినుకులను భరించలేదు. ఆ సంగతి చాలామందికి అంతవరకూ తెలియనే తెలియదు. కార్యక్రమాన్ని నాలుగు నెలలు ఆపేశారు. మినుకులకు హద్దులు పెట్టారు. గదిలో దీపం వేసుకుని తెరకు దూరంగా కూచోమని ఆనిమేల మొదట్లో చెప్పటం మొదలయింది. వీడియో గేముల పుస్తకాలలోనూ ఇటువంటి హెచ్చరికే ఉంటుంది. చూసే బొమ్మా, ఆడే బొమ్మా చేరేది ఒకే కంటికి, ఒకే మెదడుకు గదా.

రెండో సంగతి. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోగాల జాబితాలో ఆటల వ్యసనం కూడా ఒకటి. ఈ జాబితా 2022 జనవరి 1 నుంచి అమలులో ఉన్నది. ఎన్ని గంటలు ఆడాడన్నది అందులో కొలత కాదు. ఆపుదామన్నా ఆపలేకపోవటం, మిగిలిన పనులన్నిటికన్నా ఆటే ముఖ్యం కావటం, నష్టం కనబడుతున్నా కొనసాగించటం, ఇవి చూస్తారు. అది కూడా మామూలుగా ఒక ఏడాదిపాటు సాగితేనే. అందుచేత కొత్త బొమ్మ వచ్చిన నెలలోనే అన్నయ్యను రోగి అనకండి. అన్నానికి పిలిస్తే వస్తున్నాడా, నిద్రపోతున్నాడా, అది చూడండి.

ఇక ఉత్తరం రాసిన అమ్మాయి సంగతి. ఆనిమే ఇష్టమైనవాళ్ళందరికీ ఆటలు ఇష్టమవుతాయనటం నిజం కాదు. కథ చూసేటప్పుడు కాలం కథ చెప్పేవాడి చేతిలో ఉంటుంది. ఎక్కడ ఆగాలో, ఎక్కడ ఏడిపించాలో అతనికి తెలుసు. మనల్ని అలా ఒకరు తీసుకుపోవటంలో ఉన్న సుఖం వేరు. ఆటలో కాలం మన చేతిలో ఉంటుంది. గోడకు పదిసార్లు కొట్టుకుంటే కథ పదిసార్లు ఆగుతుంది. కొందరికి అది సరదా, కొందరికి విసుగు.

కాని అమ్మాయీ, నీకు తెలియని విషయం ఒకటి చెబుతాను. కొన్ని పాత ఆటలకు పక్కన ఇంకొకరుంటే మేలు. మొదటి "డ్రాగన్ క్వెస్ట్"కు ఆడిన చోటును గుర్తుపెట్టుకునే శక్తి లేదు. ఆపేటప్పుడు అది 20 అక్షరాల మంత్రం ఒకటి చూపించేది. దాన్ని కాగితం మీద రాసుకుని, మర్నాడు తిరిగి కొట్టాలి. ఒక్క అక్షరం తప్పినా కష్టమంతా గంగలో కలిసినట్టే! ఆడేవాడి పక్కన, ఓపికగా అక్షరాలు చదివి రాసేవాళ్ళుంటే ఎంత మేలో ఊహించుకో. తాజిరి ఆటలో ఇంకో ఉపాయం ఉన్నది. దాన్ని ఎరుపు, ఆకుపచ్చ అని రెండు రకాలుగా అమ్మారు. ఎరుపులో ఉన్నవి కొన్ని ఆకుపచ్చలో లేవు, ఆకుపచ్చలో ఉన్నవి కొన్ని ఎరుపులో లేవు. పైగా నాలుగు జంతువులు ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి మారితేనే పెద్ద రూపానికి ఎదుగుతాయి. ఒంటరిగా ఎంత ఆడినా అవి ఎదగవు.

ఈ పేజీ మీ అన్నయ్యకు చూపించు. అతని ఆటలో ఊళ్ళు, దారులు ఉంటే వాటి పటం నువ్వు గీసి పెడతానని చెప్పు. మీటలు ముట్టుకోనక్కరలేదు. తలుపు ఎక్కడుందో అతనికి దొరకనప్పుడు పటం నీ చేతిలో ఉంటుంది. ఒప్పుకున్నాడో లేదో వచ్చే నెలలోగా నాకు రాయి. పటం నకలు ఒకటి కూడా పంపితే చూస్తాను.