ముందు కటకం, తర్వాత రాజమండ్రి

తళ్లికోట యుద్ధానికి మన చరిత్ర పుస్తకాల్లో పేజీలకు పేజీలు దక్కాయి. ఆ తర్వాత ఆరేడేళ్లకు, 1571–72లో, గోల్కొండ సేనాని రఫత్ ఖాన్ రాజమండ్రిని పట్టుకున్న సంగతికి ఒక్క వాక్యం దక్కితే గొప్ప. యలమంచిలి, కశింకోట, సింహాచలం ప్రాంతాల వరకు చూస్తే జీవితాలను తిప్పింది మాత్రం ఈ రెండోదే. మూడు తరాల పాటు ఒరిస్సా గజపతుల దక్షిణపు వాకిలిగా నిలిచిన సీమ గోల్కొండ సుల్తానులైన కుతుబ్‌షాహీల ఉత్తరపు వాకిలిగా మారిపోయింది.

ఎందుకు మారింది అంటే రెండు జవాబులు సిద్ధంగా ఉంటాయి. తురక సేనలు వచ్చి హిందూ రాజ్యాన్ని కూల్చాయని ఒకటి, మనవాళ్లలో ఐకమత్యం లేకపోయిందని రెండోది. మొదటిది ఎవరు గెలిచారో చెబుతుంది తప్ప ఎందుకు గెలిచారో చెప్పదు. రెండోదాన్ని ఏ ఓటమికైనా అతికించవచ్చు. నా లెక్కలో అసలు కారణం రాజమండ్రిలో లేదు, గజపతుల రాజధాని కటకంలో ఉంది.

ముందు నేల సంగతి. తూర్పు కనుమలు సముద్రానికి దగ్గరగా జరిగిన ఈ సన్నటి పట్టీలోనే ఇవాళ మద్రాసు–హౌరా రైలు మార్గం, పదహారో నంబరు జాతీయ రహదారి పోతున్నాయి. ఆనాడు సేనలకూ ఇదే దారి. దక్షిణాన గోదావరి తప్ప చెప్పుకోదగ్గ అడ్డు లేదు. గోదావరి రేవు చేజారితే తాండవ, వరాహ, శారద లాంటి చిన్న నదులు ఏనుగులను ఆపలేవు. అందుకే ఇక్కడి చిన్న పాలకులు రాజులనిపించుకున్నా, చేసింది ప్రధానంగా దారి కాపలా. వేంగి చాళుక్యుల వంశం మాదని చెప్పుకున్న యలమంచిలి చాళుక్యులు అలాంటివాళ్లే. పంచదార్ల ఆలయ స్తంభం మీద 1407 నాటి విశ్వేశ్వరుడి శాసనం వాళ్ల వంశ ప్రతిష్ఠను ఘనంగా చాటుతుంది. నిజానికి వాళ్లది ఉత్తరాన కళింగ గాంగులకూ దక్షిణాన రాజమండ్రి రెడ్లకూ మధ్య నలిగిన బతుకు. బలం ఎటు మొగ్గితే అటు తల వంచడం వాళ్లకు ద్రోహం కాదు, పాలనా పద్ధతి. పదిహేనో శతాబ్ది నడుమ కపిలేంద్ర గజపతి రెడ్ల రాజమండ్రిని మింగినప్పుడు ఈ సీమ అలాగే ఆయన కిందికి వెళ్లింది. 1516లో, మళ్లీ 1519లో, కృష్ణరాయలు సింహాచలం దాకా వచ్చి కానుకలిచ్చి శాసనాలు వేయించినప్పుడు కూడా ఊళ్లు ఊళ్లలాగే ఉన్నాయి. సంధి కుదిరాక కృష్ణకు ఉత్తరాన ఉన్న భూములు మళ్లీ ప్రతాపరుద్ర గజపతికే దక్కాయి.

దక్కాయి గాని, వాటిని నిలబెట్టుకునే సత్తువ అప్పటికే పోయింది. ఉదయగిరి, కొండవీడు, కొండపల్లి వరసగా పోగొట్టుకున్న సైన్యం తిరిగి కోలుకోలేదు. సుల్తాన్ కులీ కుతుబ్‌షా కొండపల్లిని, ఏలూరును లాక్కున్నాడు. 1540లో ప్రతాపరుద్రుడు పోగానే మంత్రి గోవింద విద్యాధరుడు వారసులను చంపించి గద్దెనెక్కాడు. అప్పటినుంచి కటకం కోటలో ఎవడు ఎవడిని పొడుస్తాడన్నదే రాజకీయం. 1560లో ముకుందదేవుడు అలాగే అధికారం పట్టాడు. ఒరిస్సా జనం ఆయన్ను తెలుగువాడిగానే గుర్తుపెట్టుకున్నారు. చేతకానివాడు కాదు. బెంగాల్ ఆఫ్ఘన్ల మీద ఒత్తిడి కోసం అక్బరుతో చెలిమి చేసిన తెలివి ఉంది. కానీ ఉత్తర సరిహద్దు మండుతుంటే దక్షిణానికి పంపడానికి ఆయన దగ్గర సేన ఎక్కడిది?

ఇక తేదీలు వరసగా పెట్టి చూడండి. 1565 జనవరిలో తళ్లికోటలో విజయనగరపు రామరాయలు కూలాడు. అంతవరకు గోల్కొండకు దక్షిణాన ఉన్న పెద్ద భయం పోయింది. 1568లో సొంత సామంతుడి తిరుగుబాటులో ముకుందదేవుడు చచ్చిపోయాడు, అదే అదనుగా బెంగాల్ సుల్తాను సులేమాన్ కర్రానీ సేనలు ఒరిస్సాను ఆక్రమించాయి. మరో మూడేళ్లకు రఫత్ ఖాన్ గోదావరి దాటాడు. రాజమండ్రిని కాపాడటానికి ఎవరు రావాలి? కటకం నుంచి రాగలవాడు లేడు. గోల్కొండ దృష్టి మళ్లించగలిగిన విజయనగరం పెనుగొండలో తల దాచుకుంది. కోటగోడలు, లోపలి సైనికులు ముందెలా ఉన్నారో అలాగే ఉన్నారు. వాటి వెనకున్న రెండు అండలూ మూడేళ్ల తేడాతో పోయాయి. రాజమండ్రి పడ్డాక గోల్కొండ అధికారం శ్రీకాకుళం దాకా పాకడానికి పెద్ద యుద్ధాలు అక్కరలేకపోయాయి.

ఇలాంటి కథ మనకొక్కరికే జరిగింది కాదు. మొదటి క్రూసేడులో, 1098లో, పడమటి క్రైస్తవులు నెలకొల్పిన తొలి రాజ్యం ఎడెస్సా. 1144 డిసెంబరులో మోసుల్ పాలకుడు జెంగీ నాలుగు వారాల ముట్టడిలో దాన్ని తీసుకున్నాడు. ఏడాది ముందే బైజాంటైన్ చక్రవర్తి, జెరూసలేం రాజు ఇద్దరూ చనిపోయారు. పక్కనే ఉన్న ఆంటియోక్ ప్రభువు రేమండ్‌కూ ఎడెస్సా ప్రభువు జోసెలిన్‌కూ పడదు, సాయం అడిగితే కదల్లేదు. జెరూసలేం పంపిన సేన చేరేసరికి ఆలస్యమైంది. అక్కడా జెంగీ ఎదురుచూసింది ఎడెస్సా చుట్టూ ఉన్న అండలు తొలగడం కోసమే.

మతం పాత్రే లేదని నేననడం లేదు. ఒరిస్సాలో కర్రానీ సేనాని కాలాపహాడ్ చేసిన ఆలయ విధ్వంసం కట్టుకథ కాదు. కానీ ఆనాటి గోల్కొండ సుల్తాను ఇబ్రహీం కుతుబ్‌షాను మత యోధుడిగా ఊహించుకుంటే తెలుగు పాఠకుడికి నవ్వొస్తుంది. అన్నకు భయపడి ఏడేళ్లు విజయనగరంలో ఆశ్రయం పొందినవాడు, తెలుగు కవులు మల్కిభరాముడని పిలుచుకున్నవాడు, అద్దంకి గంగాధర కవి నుంచి తపతీ సంవరణోపాఖ్యానాన్ని అంకితం తీసుకున్నవాడు. 1579లో అహోబిలం ఆలయాన్ని దోచిన గోల్కొండ సేనను నడిపినవాడు మురారి రావు అనే బ్రాహ్మణుడు. ఇక్కడ గుడిని దోచుకోవడానికి సుల్తాను మతం కన్నా గుడిలోని బంగారమే పెద్ద ప్రోత్సాహం. రాజమండ్రి విషయంలోనూ గోల్కొండ లక్ష్యం గోదావరి డెల్టా, దాని పంట, దాని రేవులు.

గెలిచాక ఏం చేశారన్నదీ అదే చెబుతుంది. ఊళ్లలో పాత పాలకులను వేళ్లతో సహా పెకలించలేదు. కప్పం కట్టించుకుని వాళ్లనే ఉంచారు. ఇబ్రహీం కొడుకు మహమ్మద్ కులీ కాలంలో కశింకోట పాలకుడు ముకుందరాజు ఆ కప్పం ఆపి తిరగబడ్డాడు. అణచడానికి హైదరాబాదు నుంచి సేనలు రావలసి వచ్చింది. అతని పూర్వీకులు ఇలాంటి సమయాల్లో ఉత్తరం వైపు చూసేవారు. ముకుందరాజుకు చూడటానికి కటకంలో స్వతంత్ర గజపతి లేడు. ఆఫ్ఘన్ల తర్వాత 1590 దశకంలో ఆ నేల అక్బరు సేనాని మాన్‌సింగ్ చేతిలోకి వెళ్లింది.