దారి మూసినవారిదే దోషం

2025 మే 21 సాయంత్రం ఢిల్లీ నుంచి శ్రీనగర్ వెళ్తున్న ఇండిగో విమానం పఠాన్‌కోట్ దగ్గర, 36 వేల అడుగుల ఎత్తులో, వడగళ్ల మేఘంలో చిక్కుకుంది. లోపల 220 మందికి పైగా ఉన్నారు. ఎదుట మేఘాన్ని చూసిన పైలట్లు ఎడమకు, అంటే సరిహద్దు వైపు, కొంత తప్పుకుంటామని మన వాయుసేన అజమాయిషీలోని నార్తర్న్ కంట్రోల్‌ను అడిగారు. అనుమతి రాలేదు. కాసేపు మీ గగనతలంలోకి వస్తామని పాకిస్థాన్‌లోని లాహోర్ కంట్రోల్‌ను అడిగారు. అక్కడా కాదన్నారు. వెనక్కి తిరగాలని చూసేసరికి మేఘం మీదికి వచ్చేసింది. ఇక చేసేది లేక దాని మధ్య నుంచే దూసుకెళ్లారు. ఇవి ఎవరో గిట్టనివాళ్లు చెప్పిన మాటలు కావు. పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ రెండు రోజుల తర్వాత విడుదల చేసిన ప్రకటనలోనివే.

లోపల జరిగిందీ ఆ ప్రకటనలోనే ఉంది. విమానం గాలిని ఏ కోణంలో చీలుస్తోందో చెప్పే పరికరం మొరాయించింది. వేగం చూపే మీటర్లను నమ్మలేని స్థితి వచ్చింది. ఆటోపైలట్ ఆగిపోయింది. ఒక దశలో విమానం నిమిషానికి 8,500 అడుగుల చొప్పున కిందికి జారింది. మామూలుగా కిందికి దిగేటప్పుడు ఉండే వేగం నిమిషానికి సుమారు 2 వేల అడుగులు. ఆ జారుడు ఆగకపోతే 36 వేల అడుగుల ఎత్తు నాలుగు నిమిషాల పైచిలుకులో కరిగిపోయేది. కింద ఉన్నది కొండల నేల. ఇద్దరు పైలట్లు విమానాన్ని చేతులతో నడిపి, మేఘం దాటించి, శ్రీనగర్‌లో క్షేమంగా దింపారు. కిందికి వచ్చి చూస్తే విమానం ముక్కు చితికిపోయి ఉంది.

ఆ తర్వాత వ్యవస్థ కదిపిన మొదటి పావు ఏమిటి? ఆ ఇద్దరు పైలట్లను విధుల నుంచి పక్కన పెట్టడం. దర్యాప్తు ముగిసేదాకా అది రివాజేనని అంటారు, కాదనం. కానీ అనుమతి నిరాకరించిన కుర్చీకి ఆ రివాజు ఎందుకు వర్తించదు? ఆ రోజు ఆ దారిన విమానాన్ని పంపిన కార్యాలయానికి ఎందుకు వర్తించదు? పహల్గాం ఉగ్రదాడి తర్వాత భారత్, పాకిస్థాన్ ఒకరి విమానాలకు మరొకరు గగనతలం మూసుకున్నాయి. అంటే శ్రీనగర్ దారికి ఒక పక్క గోడ లేచిందని అందరికీ తెలుసు. అదే సాయంత్రం ఢిల్లీని కూడా ఈదురుగాలి, వడగళ్లు అతలాకుతలం చేశాయి. ఒక పక్క గోడ, ఎదుట తుపాను మేఘం ఉన్నప్పుడు తప్పుకునే దారి ఏదని అడగవలసినవాళ్లు బయలుదేరక ముందే అడిగారా? దర్యాప్తు పైలట్ల పొరపాటు ఎంతని తేల్చినా ఈ ప్రశ్న చెరిగిపోదు. దారి మూసినవాళ్లు ముందు జవాబు చెప్పాలి, ఆ తర్వాతే దారి లేక లోపలికి వెళ్లినవాళ్లు.

ఆ క్షణాన పైలట్లు ఆపద సందేశం ఇవ్వలేదు, మామూలు అభ్యర్థనే చేశారు అని వాదించవచ్చు. చట్టం ప్రకారం ఆ తేడా నిజమే. ఆపదలో ఉన్న విమానానికి తమ గగనతలంలో వీలైనంత సాయం చేస్తామని షికాగో ఒప్పందం ద్వారా భారత్, పాకిస్థాన్ రెండూ మాట ఇచ్చాయి. ఆపద అన్న మాట నోట రాలేదు కాబట్టి ఆ మాటకు కట్టుబడనక్కర్లేదనుకోవడం మానవత్వం అనిపించుకోదు. రేడార్ తెర మీద ఎర్రటి ముద్ద కనిపిస్తుంటే వందల మంది ప్రాణాలతో ఉన్న విమానం దారి మళ్లుతానంటోంది. ఆ మాట వినగానే ఏం జరుగుతోందో అవతలివారికి అర్థం కాకపోదు. రెండు దేశాల మధ్య కాల్పుల విరమణ కుదిరి అప్పటికి 11 రోజులు. లాహోర్ చేసింది తప్పు. మన వైపు కాదనడమూ తప్పే. తిలా పాపం తలా పిడికెడు.

ఉరుముల మేఘం అంటే ఏమిటో ఈ నిర్ణయాలు తీసుకునే ప్రతి ఒక్కరికీ కంఠతా వచ్చి ఉండాలి. పైలట్లు 'సీబీ' అని పొట్టిగా పిలిచే క్యుములోనింబస్ మన దేశంలో వేసవి చివర 50 వేల అడుగుల పైకి లేస్తుంది. ప్రయాణికుల విమానాలు ఎక్కగలిగే ఎత్తు సుమారు 41 వేల అడుగులు. కాబట్టి దాని మీదుగా దాటిపోవడమన్నది ఉత్త మాట. లోపల గాలి ఒక చోట పైకి ఎగదన్నుతుంది, పక్కనే కిందికి తోస్తుంది. ఈ రెంటి మధ్య నలిగేదే విమానం. వడగళ్లు మేఘం కడుపులోనే ఉండవు. పైన గొడుగులా విచ్చుకున్న భాగం కింద, తేటగా కనిపించే ఆకాశంలోనూ, మేఘానికి మైళ్ల దూరంలో రాలతాయి. అందుకే బలమైన ఉరుముల మేఘానికి కనీసం 20 నాటికల్ మైళ్లు, అంటే 37 కిలోమీటర్లు, దూరంగా వెళ్లమని పైలట్లకు మొదటి పాఠాల్లోనే నేర్పుతారు.

కాక్‌పిట్‌లోని రేడార్ దీన్నంతటినీ పట్టిస్తుందని సామాన్యులు నమ్ముతారు. కొందరు అధికారులూ నమ్ముతున్నట్టుంది. రేడార్ చూసేది నీటిని. వర్షం పలచగా ఉంటే ఆకుపచ్చ, చిక్కబడితే పసుపు, ఇంకా ముదిరితే ఎరుపు చూపుతుంది. పొడిగా ఉన్న వడగళ్లు, మేఘం పైభాగంలోని మంచు పలుకులు దాని కంటికి సరిగా ఆనవు. ఇంకో ప్రమాదం ఇంతకన్నా మోసకారి. ముందు వరసలో వర్షం దట్టంగా ఉంటే రేడార్ కిరణం అక్కడే ఇంకిపోతుంది. అప్పుడు ఆ ఎర్రటి ముద్ద వెనక తెర నల్లగా, ఖాళీగా కనిపిస్తుంది. అది ఖాళీ కాదు, చూపు ఆనని చోటు. 1977లో అమెరికాలోని జార్జియాలో సదరన్ ఎయిర్‌వేస్ విమానం భారీ వర్షం, వడగళ్ల మధ్యకు వెళ్లింది. రెండు ఇంజిన్లూ ఆగిపోయి, రోడ్డు మీద దిగబోయి కూలింది. నేల మీదివారితో కలిపి 72 మంది మరణించారు. ఆనాటి నుంచి ఈ సంగతి పాఠ్యపుస్తకాల్లో ఉంది. తెలియక జరిగిందన్న సాకు ఇప్పుడు ఎవరికీ లేదు.

మన దగ్గర ప్రాణం పోయిన సందర్భమూ ఉంది. 2022 మే 1న ముంబయి నుంచి దుర్గాపూర్ వెళ్లిన స్పైస్‌జెట్ బోయింగ్ విమానం కిందికి దిగుతుండగా భీకరమైన కుదుపుల్లో పడింది. ఆ రోజుల్లో బెంగాల్‌లో సాయంత్రాలు కాలవైశాఖి గాలివానలు పుట్టే వేళలని అక్కడి పిల్లవాడికీ తెలుసు. పలువురు ప్రయాణికులు, సిబ్బంది ఎగిరి పడ్డారు. గాయపడినవారిలో ఒకరు నెలల తరబడి ఆసుపత్రిలో ఉండి ఆ సెప్టెంబరులో మరణించారు. కెప్టెన్ లైసెన్సును ఆరు నెలలు సస్పెండ్ చేశారు. అంత తీవ్రమైన కుదుపులు తిన్న విమానాన్ని దుర్గాపూర్ నుంచి మళ్లీ ఎగరనిచ్చిన ఇంజినీర్‌ను విధుల నుంచి తప్పించారు. ఆ విమానాన్ని అలా వదిలిన తొందర ఎక్కడి నుంచి వచ్చిందన్న ప్రశ్న మాత్రం అక్కడే ఆగిపోయింది.

తెలుగువారికి ఈ విషయం ఎవరూ కొత్తగా చెప్పనక్కర్లేదు. 2009 సెప్టెంబరు 2 ఉదయం బేగంపేట నుంచి చిత్తూరు జిల్లాకు బయలుదేరిన హెలికాప్టర్ నల్లమలలో పావురాలగుట్ట వద్ద కూలింది. అప్పటి ముఖ్యమంత్రి వై.ఎస్.రాజశేఖరరెడ్డితో పాటు మరో నలుగురు మరణించారు. ఆచూకీ మర్నాడు గానీ దొరకలేదు. కిందికి తోసే బలమైన గాలిలో చిక్కి అదుపు తప్పిందని దర్యాప్తు కమిటీ తేల్చింది. అంతకుముందు ఆరు నిమిషాలకు పైగా పైలట్లు ఒక ఆయిల్ ప్రెషర్ హెచ్చరిక గురించి పుస్తకంలో వెతుక్కుంటూ ఉండిపోయారనీ, ముదురుతున్న వాతావరణాన్ని చూసి ప్రయాణాన్ని మానుకోలేదనీ అదే నివేదిక చెప్పింది. మొత్తం ఉదంతంలో మనకు కొరుకుడు పడనిది ఆ ఆరు నిమిషాలే. వెనక్కి తిరగడానికి అవి చాలు. వెనుక సీటులో ముఖ్యమంత్రి ఉన్నారు, అక్కడ జనం ఎదురుచూస్తున్నారు, ఉత్తర్వులు వెళ్లాయి అన్న బరువు పైలట్ భుజం మీద ఉన్నప్పుడు వెనక్కి తిరగడం ఎంత కష్టమో ఊహించుకోవచ్చు. ఎవరూ నోరు తెరిచి ఆదేశించనక్కర్లేదు, ఆ హోదాయే ఆదేశం. రాష్ట్ర ప్రభుత్వాలు నేటికీ ఈ బరువు దించే కట్టడి ఏదీ గట్టిగా పాటిస్తున్న దాఖలా కనిపించదు. ఎన్నికల వేళ రోజుకు నాలుగైదు సభలు పెట్టుకుని, సాయంత్రపు గాలివానలోనూ హెలికాప్టర్ ఎగరాలనుకునే నాయకులు అన్ని పార్టీల్లోనూ ఉన్నారు.

ఈ మొండితనం ఒక్క మన దేశానిది కాదు. డాలస్ విమానాశ్రయం దగ్గర విమానాల రాకపోకలను అమెరికాలోని ఎంఐటీ లింకన్ లేబొరేటరీ గమనించింది. దిగే ముందు ఉరుముల మేఘం ఎదురైన విమానాల్లో దాదాపు మూడింట రెండొంతులు దాంట్లోంచే వెళ్లాయని తేలింది. ముందు మరో విమానం వెళ్లినా, ఆలస్యమైనా, చీకటి పడినా ఆ ధోరణి ఇంకా ఎక్కువ. ముందువాడు దిగాడు కదా అన్న ధైర్యం కాక్‌పిట్‌లో మృత్యువుకు తలుపు తీస్తుంది. అదే డాలస్‌లో 1985 ఆగస్టు 2న డెల్టా 191 విమానం మేఘం నుంచి నేల మీదికి కుండపోతలా విరుచుకుపడే గాలిలో, అంటే మైక్రోబర్‌స్ట్‌లో, చిక్కి కూలింది. 137 మంది మరణించారు. ఆ మేఘంలో మెరుపును పైలట్లు చూశారు, చూసీ వెళ్లారు. అమెరికా ఆ తప్పును పైలట్ల మీదికి నెట్టేసి ఊరుకోలేదు. గాలి దిశ, వేగం ఒక్కసారిగా మారడాన్ని పసిగట్టే పరికరాలను విమానాల్లో తప్పనిసరి చేసింది. పెద్ద విమానాశ్రయాల దగ్గర ప్రత్యేక డాప్లర్ రేడార్లు నిలిపింది. 1994లో షార్లట్‌లో జరిగిన దుర్ఘటన తర్వాత ఆ గాలి అమెరికాలో మరో పెద్ద విమానాన్ని కూల్చలేదు.

ప్రయాణికులకూ ఇందులో వాటా ఉంది. 2024 జనవరిలో ఢిల్లీలో పొగమంచు రోజున, విమానం ఆలస్యమని ప్రకటిస్తున్న పైలట్‌పై ఒక ప్రయాణికుడు చేయిచేసుకున్నాడు. అలాంటి దాడి జరిగిన వారమే ఇంకో పైలట్ వాతావరణం చూసి ఆగుదామా వద్దా అని ఆలోచించవలసి వస్తుంది. సీటు బెల్టు సంగతీ అంతే. 2024 మే 21న మయన్మార్ మీదుగా ఎగురుతున్న సింగపూర్ ఎయిర్‌లైన్స్ విమానంలో ఐదు సెకన్ల లోపే అంతా జరిగిపోయింది. విమానం 178 అడుగులు జారింది. బెల్టు పెట్టుకోనివారు పైకప్పుకు కొట్టుకుని కింద పడ్డారు. ఒకరు మరణించారు. బెల్టు గుర్తు వెలగనప్పుడు కూడా కూర్చున్నంతసేపూ బెల్టు వదులుగానైనా పెట్టుకుని ఉండాలి.

కాబట్టి మా నిర్ణయం ఇది. మేఘాన్ని తప్పించుకునే హక్కు పైలట్‌కు దయాధర్మంగా ఇచ్చేది కాదు, అది ప్రయాణికుడి ప్రాణానికి కాపలా. దాన్ని కాదన్న అధికారి, సైనికుడైనా పౌరుడైనా, లిఖితపూర్వకంగా కారణం చెప్పాలి. వెనక్కి తిరిగిన, వేరే ఊళ్లో దింపిన, అదనపు ఇంధనం అడిగిన పైలట్‌ను ఏ సంస్థా ఖర్చు లెక్క అడగకూడదు. అడిగితే ఆ సంస్థకు జరిమానా పడాలి. ముఖ్యమంత్రి కూర్చున్న హెలికాప్టర్‌కూ ఇదే నియమం. ఉరుముల కాలంలో సరిహద్దు దారులపై పౌర, సైనిక నియంత్రణ కేంద్రాల మధ్య ముందే ఒప్పందం ఉండాలి. గాలివాన ఎదుట నిలిచాక ఫోన్లు చేసుకోవడం కాదు. వీటిని అమలు చేయవలసిన డీజీసీఏలోనే మంజూరైన పోస్టుల్లో దాదాపు సగం ఖాళీగా ఉన్నాయని పార్లమెంటరీ స్థాయీ సంఘం 2025లో వేలెత్తి చూపింది. సగం బలంతో నడిచే నియంత్రణ సంస్థ పైలట్లను పక్కన పెట్టగలదు గానీ కంపెనీల షెడ్యూళ్లను నిలదీయలేదు. విమానయాన శాఖ ఇప్పుడు శ్రీకాకుళం బిడ్డ కింజరాపు రామ్మోహన్ నాయుడు చేతిలో ఉంది. ఏటా తుపాన్ల దెబ్బ తినే తీరం నుంచి వచ్చిన మంత్రికి గాలివాన అంటే ఏమిటో ఎవరూ వివరించనక్కర్లేదు. పఠాన్‌కోట్ దగ్గర ఆ సాయంత్రం అనుమతి ఎవరు నిరాకరించారో, ఏ నియమం కింద నిరాకరించారో, ఆ నియమం ఇంకా అమల్లో ఉందో లేదో ఆయన పార్లమెంటులో చెప్పాలి. వచ్చే ఏప్రిల్‌లో మేఘాలు మళ్లీ లేచేలోపు చెప్పాలి.