వ్యాపార మెవరి పేర నున్నది?



మా పాఠకురాండ్రలో ననేకులు ఇంట నూరగాయలు పెట్టి యమ్ముచున్నారు. వారిలో నొకరి యింట జరిగిన సంగతి మా మనస్సును మిక్కిలి కలచినది. ఆమె పదునొకండేండ్లు తానే యావకాయ కలిపి, జాడీలు నింపి, బేరములు చూచుకొనెను. కాని నమోదు పత్రములును బ్యాంకు ఖాతాయును భర్త పేర నుండెను. "ఎవరి పేర నున్న నేమి, ఇల్లొక్కటియే కదా!" యని యామె తలచెను. గత మాఘమున భర్త హఠాత్తుగా దివంగతుడయ్యెను. ఖాతాలో నామినీ పేరైనను లేదు. మిరపకాయల కొట్టుబాకీ తీర్చుటకు దాను సంపాదించిన సొమ్మే తన చేతికి రాకపోయెను.

ఇట్లేల జరిగె ననగా, ప్రొప్రయిటరు వ్యాపారమునకు, కంపెనీకి వలె, చట్టములో వేరు వ్యక్తిత్వము లేదు. యజమానియే వ్యాపారము, యజమాని పోయిన నదియు ముగియును. కావున శ్రమ యెవరిదో పేరును వారిదే కావలెను. స్త్రీ తన నేర్పుచేతను శ్రమచేతను గడించిన యాస్తికి నామెయే పూర్తి హక్కుదారని 1956వ సంవత్సరపు హిందూ వారసత్వ చట్టము 14వ సెక్షను చెప్పుచున్నది. అయినను పత్రములలో పేరు లేనిచో నా శ్రమను నిరూపించుట కష్టము.

పేరు నమోదు చేయించుకొనుటకు జంకవలసిన పని లేదు. 2020 జూలై 1వ తేదీనుండి యమలులో నున్న ఉద్యమ్ నమోదు, ఆధారు, పాన్ సంఖ్యలతో ఉచితముగా జరుగును. ఇందులకు రుసుము కావలెనను మధ్యవర్తులను నమ్మరాదు. ఇంటనే వండి యమ్మువారైనను 2006వ సంవత్సరపు ఆహార భద్రతా చట్టము క్రింద నమోదు కావలెను. ఈ రెండు పత్రములను జూపి వ్యాపారము పేర కరెంటు ఖాతా తెరువవచ్చును. అప్పుడే నామినీ పేరు కూడ వ్రాయింపుడు. ఊరగాయను పొరుగు రాష్ట్రమువారి కమ్మదలచినచో, అమ్మకమెంత స్వల్పమైనను జి.యస్.టి. నమోదు అవసరము.

అయితే పేరు మనదైన, నప్పును మనదే. వ్యాపారము చెడినచో ఋణదాతలు సరకుతో నాగక, మన నగలను, మన పేరనున్న యింటిని గూడ కోరవచ్చును. కనుక భర్తయో సోదరుడో నడుపు వ్యాపారమునకు "ఊరక నీ పేరుండనిమ్ము" అన్నచో, తొందరపడి సంతకము చేయకుడు. లెక్కలు మీరు చూడని వ్యాపారమునకు యజమానురాలు కావలదు. తీర్చగలిగినంతయే యప్పు చేయుడు. అమ్మకపు సొమ్మును వంటింటి పోపులడబ్బాలో కలుపక, ఏనాటి జమాఖర్చు లానాడే వ్రాసికొనుడు.

భర్తతో నీ మాట యెత్తుట నమ్మకము లేకపోవుటగా దలపవలదు. ఇరువురును గూర్చుండి పత్రములు చూచుకొనుట సంసారమునకు క్షేమమేకాని కలహము కాదు.

ఆ సోదరి యిప్పుడు తన పేరనే నమోదు చేయించుకొని, ఈ వేసవికి మరల జాడీలు కడిగి యెండబెట్టుచున్నది. మీ యింటి పత్రములను గూడ నేడొక్కసారి తీసి చూడుడు.