మంజూరైంది, ముట్టలేదు

కంప్యూటర్ సైన్సు మిత్రులు సి భాషలో మాలాక్‌ని పిలిచి, తిరిగొచ్చిన పాయింటర్ సున్నా కాకపోతే చాలు, మెమరీ దొరికిందని సంబరపడతారు. దొరికింది మెమరీ కాదు, వట్టి చిరునామా! పెద్ద మొత్తం అడిగినప్పుడు లినక్స్ కెర్నెల్ చేసేదల్లా ఆ ప్రాసెస్ పద్దులో "ఇక్కణ్ణించి ఇక్కడిదాకా నీది" అని రాసుకోవడమే. 64 బిట్ల ఇంటెల్ యంత్రంలో మామూలుగా ఒక్కో ప్రాసెస్‌కీ 128 టెరాబైట్ల చిరునామాలుంటాయి. చిరునామాలకేం కరువు? కరువల్లా రామ్‌కే.

ఆ చోట మొదటిసారి ఏదైనా రాసినప్పుడు పేజ్ ఫాల్ట్ పుడుతుంది. అప్పుడు కెర్నెల్ 4096 బైట్ల పేజీ ఒకటి వెతికి, సున్నాలతో నింపి, ఆ చిరునామాకి తగిలిస్తుంది. స్కాలర్‌షిప్ మంజూరు కాగితం చూపిస్తే మెస్ బిల్లు తీరుతుందా? ఇదీ అంతే.

ఈ పొదుపుతో నాకు పేచీ లేదు. 1962లో మాంచెస్టర్‌లో ప్రారంభమైన అట్లాస్ యంత్రం చిన్న కోర్ మెమరీనీ డ్రమ్మునీ కలిపి ఒకే పెద్ద మెమరీగా చూపించింది. అది గొప్ప ఊహ. నా పేచీ ఓవర్‌కమిట్‌తో. అడిగిందంతా ఎవరూ వాడరులే అన్న ధీమాతో, రామ్‌నూ డిస్కు మీది స్వాప్‌నూ మించి కెర్నెల్ హామీలిస్తుంది. ఆ రెండూ కలిపినా చాలనంత ఒక్కసారే అడిగితే తప్ప కాదనదు. తీరా అందరూ ఒకేసారి వాడటం మొదలెడితే? అప్పుడు ఓఓఎమ్ కిల్లర్ దిగుతుంది. ప్రాసెస్‌లకి మార్కులు వేసి, ఎక్కువ మెమరీ తిన్నదాన్ని చంపుతుంది. (మార్కులెక్కువొచ్చి చావడం ఇక్కడే చూస్తాం!) చివరి పేజీ అడిగింది ఎవరో, చచ్చేది పొద్దుట్నించీ బుద్ధిగా పనిచేస్తున్న డేటాబేస్. ఫైలు దాచుకునే వ్యవధి కూడా ఉండదు.

విండోస్ ఇలా చెయ్యదు. రామ్, పేజ్ ఫైల్ కలిపి ఎంతో అంతవరకే మాటిస్తుంది, ఆపైన లేదంటుంది. లినక్స్‌లోనూ ఓవర్‌కమిట్ మెమరీ అన్న మీటని 2కి తిప్పితే, స్వాప్‌కి సగం రామ్ కలిపి, అక్కడ గీత గీస్తుంది.

"అలాగైతే ఫోర్క్ గతేమిటి?" అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. ఫోర్క్ అయినప్పుడు తల్లీపిల్లా అవే పేజీలు పంచుకుంటాయి, ఎవరైనా రాస్తేనే ఆ ఒక్క పేజీకి నకలు పుడుతుంది. కఠినంగా లెక్కిస్తే పెద్ద ప్రాసెస్ ఫోర్కే కాలేకపోవచ్చు. అందుకే రెడిస్ వాళ్ళు ఆ మీటని 1లో పెట్టమంటారు. వాళ్ళ అవసరం అలాంటిది, పెట్టుకోనీండి. కానీ పదిమంది విద్యార్థులు పంచుకునే ల్యాబు సర్వర్ సంగతి వేరు. ఒకడి దుబారాకి ఇంకొకడి ప్రాజెక్టు అర్ధరాత్రి చావకూడదు. అక్కడ 2 ఉండాలని నా వాదన.

అధ్యాపకులకో మనవి. పేజీ రీప్లేస్‌మెంట్ లెక్కలు ఏటా చేయిస్తున్నారు, సంతోషం. ఈసారి ప్రాక్టికల్స్‌లో మీట 2లో ఉన్న యంత్రం ఒకటి ఇవ్వండి. మాలాక్ సున్నా తెచ్చినప్పుడు ఎంతమంది ప్రోగ్రాములు పని దాచుకుని బయటికొస్తాయో చూద్దాం.