కదిలే ఇంటికి కదలని చిరునామా

ఇల్లు చూసి ఇల్లాలిని చూడమన్నారు పెద్దలు. అమెరికాలో పదవీ విరమణ చేసిన దంపతుల్లో కొందరికి ఆ ఇల్లే చక్రాలపై ఉంటుంది. ఉన్న ఇంటిని అమ్మివేసి, సామాను పంచిపెట్టి, వంటగది, పడకగది, స్నానాలగది ఇమిడిన వాహనంలో ఊరూరా తిరుగుతూ శేషజీవితం గడపాలన్నది వారి సంకల్పం. సినిమా షూటింగుల వద్ద తారలు సేదదీరే కారవాన్‌ను చూసినవారికి ఈ వాహనం రూపురేఖలు కొత్త కాదు. అక్కడ దీనిని రిక్రియేషనల్ వెహికల్, క్లుప్తంగా ఆర్‌వీ అంటారు. ఏడాది పొడవునా అందులోనే నివసించేవారిని ‘ఫుల్ టైమర్లు’గా వ్యవహరిస్తారు.

స్వేచ్ఛకు మారుపేరుగా కనిపించే ఈ జీవనం 2020 తర్వాత వరుస పరీక్షలను ఎదుర్కొంది. మొదట కరోనా, ఆ తర్వాత రద్దీ, ఆపై ఇంధన ధరలు వృద్ధ దంపతుల ప్రణాళికలను తారుమారు చేశాయి. వీటిని తట్టుకునేందుకు ప్రయాణ దూరాన్ని తగ్గించుకోవచ్చు, మజిలీలను పెంచుకోవచ్చు. అయితే వైద్యం, ఓటు, బీమా, చివరికి కాలూచేయీ ఆడని రోజున తలదాచుకునే చోటు... ఇవన్నీ ఒక స్థిరమైన చిరునామా చుట్టూనే తిరుగుతున్నాయి. ఇల్లు వదులుకున్నంత తేలికగా చిరునామాను వదులుకోవడం సాధ్యం కాదన్నదే ఈ పరిణామాల సారాంశం.

‘ఇంట్లోనే ఉండండి’ అంటే...

2020 మార్చిలో కరోనా విజృంభించడంతో అమెరికాలోని పలు రాష్ట్రాలు తమ పార్కులను, వాటిలోని వాహన విడిది స్థలాలను మూసివేశాయి. ప్రజలంతా ఇళ్లకే పరిమితం కావాలని ఆదేశాలు వెలువడ్డాయి. ఇల్లే రహదారిపై ఉన్నవారు ఎక్కడికి వెళ్లాలన్న ప్రశ్న అప్పుడే తలెత్తింది. అదే నెల 21 నుంచి కెనడా సరిహద్దులో అత్యవసరం కాని రాకపోకలు నిలిచిపోయాయి. రోడ్డు మార్గంలో అలాస్కా చేరాలంటే కెనడా మీదుగా వెళ్లక తప్పదు. దీంతో ఏళ్ల తరబడి దాచుకున్న అలాస్కా యాత్ర కలలు వాయిదా పడ్డాయి. టీకా వేయించుకున్న అమెరికన్లకు కెనడా తిరిగి తలుపులు తెరిచింది 2021 ఆగస్టు 9న.

అదే కరోనా మరోవైపు కొత్త యాత్రికులను పుట్టించింది. విమానాలు, హోటళ్లు అంటే జంకిన కుటుంబాలు ఆర్‌వీల వైపు మళ్లాయి. 2021లో తయారీ సంస్థల నుంచి డీలర్లకు చేరిన వాహనాల సంఖ్య 6 లక్షలు దాటింది. ఇది ఆ పరిశ్రమ చరిత్రలోనే రికార్డు. ఆ ఊపు ఎంతోకాలం నిలవలేదు. 2023లో ఆ సంఖ్య సుమారు 3.13 లక్షలకు పడిపోయింది. ఈ వాహనాల తయారీకి కేంద్రమైన ఇండియానా రాష్ట్రంలోని ఎల్క్‌హార్ట్ ప్రాంతంపై ఆ ప్రభావం పడింది. పాతకాపులైన వృద్ధ దంపతులకు మాత్రం రద్దీ మిగిలింది. సాయంత్రానికి ఎక్కడ నచ్చితే అక్కడ ఆగే రోజులు పోయాయి. పేరున్న ప్రభుత్వ విడిది స్థలాల్లో చోటు కావాలంటే ఆరు నెలల ముందే కంప్యూటర్ ముందు కాచుకు కూర్చోవాల్సిన పరిస్థితి వచ్చింది. తిరుమల దర్శనం టికెట్ల కోసం కుస్తీపట్టిన మన కుటుంబాలకు ఈ అవస్థ ఏమిటో వేరే చెప్పనక్కర్లేదు.

తగ్గిన దూరం, పెరిగిన మజిలీ

2022 జూన్‌లో అమెరికాలో గ్యాలన్ పెట్రోలు సగటు ధర తొలిసారిగా 5 డాలర్లు దాటింది. గ్యాలన్ అంటే సుమారు 3.8 లీటర్లు. పెద్ద ఆర్‌వీ గ్యాలన్‌కు 8 మైళ్లు నడుస్తుందనుకుంటే లీటరుకు 3.4 కిలోమీటర్లే వచ్చినట్లు లెక్క. ఏడాదికి 10 వేల మైళ్లు తిరిగే దంపతులకు 1,250 గ్యాలన్లు అవసరమవుతాయి. గ్యాలన్ 3 డాలర్లున్నప్పుడు 3,750 డాలర్లయ్యే ఈ ఖర్చు, 5 డాలర్లకు చేరితే 6,250 అవుతుంది. స్థిరమైన పింఛనుపై ఆధారపడినవారికి 2,500 డాలర్ల అదనపు భారం చిన్నదేమీ కాదు. సామాజిక భద్రత పింఛనును 2023లో 8.7 శాతం పెంచినా, ఆ పెంపు ధరలు పెరిగిన తర్వాతే చేతికందింది.

దీనికి పరిష్కారం కూడా లెక్కలోనే ఉంది. అదే జంట ప్రయాణాన్ని 4 వేల మైళ్లకు కుదించుకుంటే 5 డాలర్ల ధరలోనూ ఇంధనానికి అయ్యేది 2,500 డాలర్లే. అంటే మంచి రోజుల్లో పెట్టిన ఖర్చు కంటే తక్కువ. పైగా ప్రైవేటు విడిదుల్లో రోజువారీ అద్దె కంటే నెలవారీ అద్దె చౌక. అందుకే ఒకేచోట నెలల తరబడి మకాం వేయడం తెలివైన మార్గమైంది.

శీతాకాలంలో నేలపట్టు, కొల్లేరుకు వలస పక్షులు వచ్చినట్లు అమెరికాలో వేలాది వృద్ధులు దక్షిణాది ఎండ వెతుక్కుంటూ వస్తారు. వీరికి ‘స్నోబర్డ్స్’ అన్న పేరే ఉంది. అరిజోనా ఎడారిలోని క్వార్ట్‌జ్‌సైట్ అనే చిన్న ఊరు వీరి ప్రధాన మజిలీల్లో ఒకటి. ఆ పరిసరాల్లోని ప్రభుత్వ భూముల్లో సెప్టెంబరు 15 నుంచి ఏప్రిల్ 15 వరకు ఏడు నెలలపాటు ఉండేందుకు అనుమతించే విధానం 1983లో మొదలైంది. ఈ మొత్తం కాలానికి రుసుము ఏళ్ల తరబడి 180 డాలర్లుగా ఉంది. అదే భూ నిర్వహణ విభాగం కింద ఉన్న మిగతా భూముల్లో సాధారణంగా 14 రోజులు దాటితే చోటు మార్చాల్సిందే. 62 ఏళ్లు నిండినవారికి జాతీయ పార్కుల్లోకి జీవితకాల ప్రవేశ పాస్ కూడా ఉంది. 2017 ఆగస్టు వరకు 10 డాలర్లకు దొరికిన ఆ పాస్ ధరను ఒక్కసారిగా 80 డాలర్లకు పెంచారు. అయినా పలు ప్రభుత్వ విడిది స్థలాల్లో అద్దె సగానికి తగ్గుతుంది కనుక అది గిట్టుబాటే.

వైద్యానికి సరిహద్దులు

ఇంధనం ఖర్చును రోడ్డు మీదే సర్దుకోవచ్చు. వైద్యం అలా కాదు. అమెరికాలో 65 ఏళ్లు నిండినవారికి ప్రభుత్వ బీమా ‘మెడికేర్’ వర్తిస్తుంది. అది వ్యక్తికి గాని కుటుంబానికి కాదు. భర్తకు 65, భార్యకు 63 ఏళ్లయితే భర్తకు మాత్రమే ఆ రక్షణ. మరో రెండేళ్లు భార్యకు వేరే పాలసీ కొనాలి. అలాంటి పాలసీలు చాలావరకు నివాస ప్రాంతంలోని ఆసుపత్రులకే పరిమితం. దంపతులిద్దరూ ఒకే వాహనంలో వెళ్తున్నా, ఒకరి బీమా వెంట వస్తుంది, మరొకరిది ఊళ్లోనే ఆగిపోతుంది.

మెడికేర్‌లోనూ రెండు దారులున్నాయి. మొదటిది ప్రభుత్వం నేరుగా నిర్వహించేది. మెడికేర్‌ను అంగీకరించే వైద్యుడు దేశంలో ఎక్కడున్నా చూపించుకోవచ్చు. కానీ వైద్యుల సేవల ఖర్చులో దాదాపు 20 శాతం రోగే భరించాలి. ఆ భాగానికి అనుబంధ పాలసీ విడిగా కొనుక్కోవాలి. రెండోది ప్రైవేటు సంస్థల ద్వారా నడిచే ‘మెడికేర్ అడ్వాంటేజ్’. దీని ప్రీమియం తక్కువ. కళ్లు, పళ్ల వైద్యం వంటి ఆకర్షణలూ ఉంటాయి. 2023 నాటికి అర్హుల్లో సగానికి పైగా దీనిలోనే ఉన్నారు. అత్యవసర చికిత్స దేశంలో ఎక్కడైనా లభిస్తుంది గానీ, మామూలు వైద్యానికి సొంత ప్రాంతంలోని వైద్యుల జాబితాయే దిక్కు. ఆరు నెలలకు మించి ఆ ప్రాంతానికి దూరంగా ఉంటే పాలసీ నుంచి పేరు తొలగించే నిబంధన సాధారణంగా ఉంటుంది.

నిరంతరం తిరిగేవారికి మొదటి దారే అనుకూలమన్నది స్పష్టం. అయితే అనుబంధ పాలసీని ఆరోగ్య పరీక్షలతో నిమిత్తం లేకుండా పొందేందుకు, 65 ఏళ్లు నిండి మెడికేర్‌లోని వైద్య సేవల విభాగంలో చేరాక తొలి ఆరు నెలలే గడువు. అది దాటితే చాలా రాష్ట్రాల్లో బీమా సంస్థలు పాత జబ్బులు చూపి నిరాకరించవచ్చు. ఉద్యోగం మానిన ఉత్సాహంలో తీసుకున్న నిర్ణయం డెబ్బై ఐదో ఏట మెడకు చుట్టుకునేది ఇక్కడే.

ఓటుకు ఊరేది?

సొంత ఇల్లు లేనివారికి లైసెన్సు, వాహన రిజిస్ట్రేషన్, బీమా, ఓటు అన్నింటికీ ఏదో ఒక రాష్ట్రంలో చిరునామా కావాలి. సౌత్ డకోటా, టెక్సాస్, ఫ్లోరిడా రాష్ట్రాలు వీరికి ఇష్టమైనవి. ఈ మూడింటిలోనూ వ్యక్తిగత ఆదాయంపై రాష్ట్ర పన్ను లేదు. ఉత్తరాలను అందుకుని, ఎక్కడుంటే అక్కడికి పంపించే సంస్థలు అక్కడ వెలిశాయి. టెక్సాస్‌లోని లివింగ్‌స్టన్ కేంద్రంగా, 1978లో మొదలైన ఎస్కేపీస్ అనే ఆర్‌వీ యాత్రికుల క్లబ్ వేలాది సంచార కుటుంబాలకు ఇలాంటి చిరునామానే కల్పించింది.

ఈ ఏర్పాటుకూ బీటలు పడుతున్నాయి. ఒక్క రాత్రి బస రసీదుతో డ్రైవింగ్ లైసెన్సు ఇచ్చే రాష్ట్రంగా సౌత్ డకోటా పేరు పొందింది. అదే రాష్ట్రం 2023లో ఓటరుగా నమోదు కావాలంటే 30 రోజులు అక్కడ నివసించి ఉండాలని చట్టం చేసింది. ఏడాదికో రాత్రి తలదాచుకునేవారు స్థానిక ఎన్నికల ఫలితాన్ని ఎలా నిర్ణయిస్తారన్నది అక్కడి వాసుల వాదన. దేశమంతా తిరిగే పౌరుడు ఓటు హక్కు ఎక్కడ వినియోగించుకోవాలన్నది సంచారుల ప్రశ్న. రెండింటిలోనూ న్యాయం లేకపోలేదు.

తిరిగి వచ్చే దారి

అన్నింటికంటే కఠినమైన ప్రశ్న చివర్లో ఎదురవుతుంది. ఇల్లు అమ్మగా వచ్చిన సొమ్ముతో ఆర్‌వీ కొన్నవారి చేతిలో ఉన్నది ఏటా విలువ తరిగిపోయే వాహనం. వదిలివచ్చిన ఇళ్ల ధరలేమో పెరిగిపోయాయి. 2021లో 3 శాతం లోపు వడ్డీకి దొరికిన 30 ఏళ్ల గృహరుణం 2023 అక్టోబరు నాటికి 7.8 శాతానికి చేరువైంది. 2 లక్షల డాలర్ల రుణం తీసుకుంటే, నెలకు సుమారు 843 డాలర్లుండే వాయిదా 1,440 డాలర్లయింది. పోయిన ఇంటిని తిరిగి తెచ్చుకోవడం ఎంత భారమో ఈ రెండు అంకెలే చెబుతాయి.

చాలా జంటల్లో భారీ వాహనం నడిపేది ఒక్కరే. ఆ ఒక్కరి చూపు మందగించినా, గుండెపోటు వచ్చినా ప్రయాణం అక్కడితో ఆగుతుంది. ఈ ముప్పును ముందే గుర్తించిన ఎస్కేపీస్, లివింగ్‌స్టన్‌లో ఒక సహాయ కేంద్రాన్ని నెలకొల్పింది. వాహనం నడపలేని స్థితికి వచ్చిన వృద్ధులు తమ ఆర్‌వీని అక్కడ నిలిపి, అందులోనే ఉంటూ భోజనం, సంరక్షణ పొందే ఏర్పాటు అది. తిరగడానికి కొన్న ఇల్లు నిలిచిపోయినా పరాయిపంచన చేరాల్సిన అగత్యం లేకుండా చూడటం దాని ఉద్దేశం.

రోడ్డెక్కిన ప్రతి జంటా ఇష్టపడి ఎక్కలేదన్నదీ మరువరాదు. 2008 ఆర్థిక సంక్షోభంలో పొదుపు కోల్పోయి, వాహనాల్లో ఉంటూ రుతువుకో కూలిపని చేసుకునే వృద్ధుల జీవితాలను జర్నలిస్టు జెస్సికా బ్రూడర్ 2017లో ‘నోమాడ్‌ల్యాండ్’ పుస్తకంలో వెలుగులోకి తెచ్చారు. దాని ఆధారంగా వచ్చిన చిత్రానికి 2021లో ఉత్తమ చిత్రంగా ఆస్కార్ దక్కింది. వారికి మార్చుకునేందుకు ప్రణాళిక కూడా లేదు.

మన వారికీ అదే ప్రశ్న

ఆర్‌వీ మన రహదారులకు ఇంకా కొత్తే. చిరునామా సమస్య మాత్రం తెలుగు ఇళ్లకు కొత్త కాదు. ఆరు నెలలు అమెరికాలో కొడుకు దగ్గర, ఆరు నెలలు హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో కూతురి దగ్గర గడిపే పింఛనుదారులు దాదాపు ప్రతి జిల్లాలోనూ ఉన్నారు. గ్రీన్‌కార్డు పొందిన తల్లిదండ్రులు అమెరికాలో సొంతంగా పనిచేసిన చరిత్ర లేకపోతే, 65 ఏళ్లు నిండి అయిదేళ్లు నిరంతరాయంగా అక్కడ నివసించాకే ప్రీమియం చెల్లించి మెడికేర్ కొనుక్కోగలరు. మధ్యలో ఊరిపై మమకారంతో ఎక్కువకాలం ఇక్కడే ఉండిపోతే ఆ లెక్క చెడటమే కాదు, గ్రీన్‌కార్డుకే ఎసరు రావచ్చు.

ఇక్కడ కొంత వెసులుబాటు కలిగింది. పింఛనుదారులు ఏటా ఇవ్వాల్సిన జీవన ప్రమాణ పత్రాన్ని డిజిటల్ రూపంలో సమర్పించే విధానం 2014 నవంబరులో మొదలైంది. 70 ఏళ్లు దాటినవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఏటా రూ.5 లక్షల వరకు వైద్యం అందించే కేంద్ర పథకం 2024 అక్టోబరులో ప్రారంభమైంది. దాని జాబితాలోని ఆసుపత్రి ఊళ్లో ఉందా, పిల్లలున్న నగరంలో ఉందా అన్నది బయలుదేరే ముందే చూసుకోవాలి.

ప్రణాళిక మార్చుకోవడం ఓటమి కాదు. 10 వేల మైళ్లు తిరగాల్సిన జంట 4 వేలకు పరిమితమైనా చూడాల్సిన లోకం తరిగిపోదు. అయితే ఏ వైద్యుడి దగ్గరకు వెళ్తాం, ఏ ఊరి వారిగా నమోదవుతాం, నడపలేని రోజున ఎక్కడ ఆగుతాం అన్న మూడు ప్రశ్నలకు ఇల్లు అమ్మడానికి ముందే జవాబు ఉండాలి. ఉన్న ఊరిలో చిన్న గది అయినా మిగుల్చుకుని బయలుదేరినవారికి మజిలీలు మారుతాయి గానీ, తిరిగి వచ్చే దారి మూసుకుపోదు.