పాత షెవ్రొలేకి కొత్త రేకు

మా మామగారి పికప్పు బండి ఎంతవరకు వచ్చిందని సంక్రాంతి సంబరాల్లో అడిగినవారికి అక్కడే రెండు ముక్కలు చెప్పి తప్పించుకున్నాను. ఈసారి వడ్డీ లెక్కలు పక్కనబెట్టి ఆ సంగతే రాస్తున్నాను. షెడ్డులో పాత వాహనం మూలుగుతున్న ఇళ్ళు మనవాళ్ళలో చాలానే ఉన్నాయి గనుక ఎవరికైనా పనికిరావచ్చు.

బండి 1951 నాటి షెవ్రొలే 3100. అమెరికా జనరల్ మోటార్స్ వారికి 1928 నుంచి 1954 దాకా బొంబాయి సెవ్రీలో బండ్లు బిగించే కర్మాగారం ఉండేది. మామగారి నాయనగారు ప్రత్తి జిన్నింగు పనికని ఈ బండి కొన్నారు. ఇంజను గురించి మాకు బెంగ లేదు. జి.డి. నాయుడుగారు పుట్టి పెరిగిన ప్రాంతం మా కోయంబత్తూరు. ఇంజను విప్పి బిగించే చేతులకు ఇక్కడ కరువా? కరువంతా రేకుకే.

పైకి నిగనిగలాడే బండిని నమ్మకండి. అయస్కాంతానికి గుడ్డ చుట్టి ఒళ్ళంతా తాకించి చూడండి. పట్టుకోని చోటల్లా లోపల ఉన్నది ఇనుము కాదు, పుట్టీ. మా బండికి క్యాబిను వెనక మూలలు రెండూ, ఫుట్‌బోర్డులూ, తలుపుల అడుగుభాగమూ అలా బయటపడ్డాయి. మూలల్లో దుమ్ము చేరి, తడి ఆరక, తుప్పు లోపలినుంచి బయటికి తింటుంది. పైన రంగు పొంగేసరికి లోపలి రేకు పోయినట్టే.

మొదట చెన్నై పుదుపేట వెళ్ళాము. అక్కడ దొరకని సామాను లేదంటారు. ఒక తలుపు దొరికింది కూడా. అయితే దానికి ముందువైపు తిప్పుడు కిటికీ లేదు. ఆ చిన్న అద్దం 1951లో వచ్చింది. అంటే అది అంతకు ముందరి బండిది. ఇలాగే 1954లో ముందు అద్దం రెండు పలకలనుంచి ఒకే పలక అయింది. దూరానికి అన్నీ ఒకటిగానే కనిపిస్తాయి, సంవత్సరం తెలియకుండా బేరం మొదలుపెట్టకూడదు.

తరువాత అమెరికా. ఈ బండ్ల రేకులు అక్కడ ఇప్పటికీ కొత్తగా అచ్చు పోసి అమ్ముతున్నారు. అక్కడి ధర చూసి మా బావమరిది ఎగిరి గంతేశాడు. నేను కాగితం తీసి రవాణా, కస్టమ్స్ సుంకం, పన్ను, ఏజెంటు కూలి వరసగా వేశాను. నూరు రూపాయల సరుకు మా గుమ్మంలో దిగేసరికి రెండువందలు దాటింది. విమానంలో వచ్చే సరుకుకు అసలు తూకం, పెట్టె కొలతనుబట్టి కట్టిన తూకం, రెంటిలో ఏది ఎక్కువైతే దానికే డబ్బు. మడ్గార్డు లోపలంతా గాలే, ఆ గాలికీ మనమే కట్టాలి! అందుకని ఒకదానిలో ఒకటి ఇమిడే మూల రేకులు మాత్రం తెప్పించాము. అక్కడి బండ్లకు స్టీరింగు ఎడమవైపు గనుక డ్యాష్‌బోర్డూ, పెడళ్ళ రంధ్రాలున్న నేల రేకూ మనకు సరిపడవు. అవి అడగనే అడగలేదు.

మిగిలినది మా ఊరి టింకరు చేతిలో పెట్టాము. ముసలాయన. 18 గేజి రేకును చెక్క అచ్చు మీద సుత్తితో కొట్టి ఫుట్‌బోర్డు తెచ్చాడు. వచ్చిన మూల రేకులను వెంటనే వెల్డింగు చేయనివ్వలేదు. క్యాబినుకు లోపల అడ్డంగా ఇనుప కమ్మీలు బిగించి, తలుపు వేసి, చుట్టూ సందు సమంగా ఉందో లేదో చూసి, ఒక పక్క ముగిశాకే రెండో పక్క కోశాడు. రెండూ ఒకేసారి కోస్తే క్యాబిను వంగి, ఇక తలుపు పడదట. నాకు ఆయన మీద నమ్మకం కుదిరింది అక్కడే.

చిక్కు తలుపు దగ్గర వచ్చింది. డ్రైవరు తలుపు మీద మామగారి నాయనగారి పేరు తెలుగు అక్షరాలలో, చేతితో రాయించినది, సగం చెరిగి ఇంకా ఉంది. తలుపు మొత్తం మార్చేస్తే పని సుళువు, ఖర్చూ తక్కువని బావమరిది. మామగారికి ఎనభయ్యారేళ్ళు, చూపు మందగించింది. ఆయన వచ్చి ఆ అక్షరాల మీద వేలు పెట్టి తడిమి, "ఇది తీసేస్తే మా నాయన బండి ఎట్లవుతుందప్పా?" అన్నారు. పిల్లలెవరికీ ఆ అక్షరాలు చదవడం రాదు. ఆ మాట ఆయన అనలేదు, మాకే తట్టింది. చివరికి అక్షరాల కిందినుంచి జానెడు రేకు మాత్రం కోసి కొత్తది అతికించాము. పైభాగం రంగు ముట్టుకోలేదు. ఖర్చు పెరిగింది, దానికి నేనే సంతకం చేశాను.

కాగితాల మాట కూడా చెప్పాలి. 2021 జూలైలో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం యాభై ఏళ్ళు దాటి అసలు రూపంలో ఉన్న బండికి వి.ఎ. అక్షరాలతో వేరే రిజిస్ట్రేషను ఇస్తారు. కొత్తగా తీసుకోవడానికి రుసుము 20,000 రూపాయలు, గడువు పదేళ్ళు. రోజువారీ తిరుగుడుకు మాత్రం పనికిరాదు. చాసిస్, బాడీ, ఇంజను మార్పులను ఒప్పుకోరు. పాత ఆకారంలోనే అతికించిన రేకు మార్పు కాదని నా అభిప్రాయం. అయినా ప్రతి కోతకు ముందూ వెనకా ఫొటోలు, బిల్లులు దాచాను. నంబరు పలక దగ్గరికి గ్రైండరు రానివ్వలేదు.

ఇక వెనక తలుపు ఒక్కటే మిగిలింది. ‘షెవ్రొలే’ అన్న ఇంగ్లీషు అక్షరాలు రేకులోనే ఉబ్బెత్తుగా ఉండాలి. ఎవరి పశువుల కొట్టంలోనైనా, పొలం గట్టున కంచెకు అడ్డంగానైనా అలాంటిది కనిపిస్తే పత్రిక చిరునామాకు ఒక కార్డు ముక్క రాయండి. కొంచెం వంగినా ఫరవాలేదు, ముసలాయన సరిచేస్తానన్నాడు.